పెట్రోలు ధర, పోలింగు మాట

2024 మే 13న చేవెళ్ల లోక్‌సభ స్థానమునకు పోలింగు జరుగనుండగా, మాదాపురమున ఒక టీబండి చెంత, క్యాబు నడుపు వ్యక్తి యొకడు బంకు రసీదును తడిగ్లాసు ప్రక్కన పరచి, “లీటరు నూటయేడు దాటె, ఏం మిగులుతది సార్?” అనెను.

“సగం తప్పు ఢిల్లీదే అన్నా” అనెను సాఫ్ట్‌వేరు యువకుడు.

పూర్తిగా నిజము కాదు. కేంద్రసుంకము అప్పుడు లీటరుకు 19 రూపాయల 90 పైసలు; రాష్ట్రపు వ్యాట్ 35.20 శాతము, అదియు సుంకము కలిసిన ధరపై విధింపబడునది గనుక, పన్నుపై పన్నే! 2017 జూలై 1న జీఎస్టీ అమలునకు వచ్చినను, పెట్రోలు దాని వెలుపలనే నిలిచినది. ఏ ప్రభుత్వము ఈ రాబడిని సులభముగా వదలుకొనును?

“మరి ఓటెవరికి సార్?” అని అతడు రసీదు మడిచెను. యువకుడు అల్లంటీ ఊదుకొనుచుండెను.