"పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి" అని మెయిల్ వస్తే ఏం చేయాలి?

మొన్న రాత్రి బాన్సువాడలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడు వాడే ఒక షాపింగ్ యాప్ నుంచి మెయిల్ వచ్చిందట. మా డేటా లీకైంది, కానీ పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి, కంగారు పడకండి అని. "అన్నా, ఇంక నేనేం చేయక్కర్లేదు కదా?" అన్నాడు. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కి కూడా పెట్టావా అని అడిగా. సప్పుడు లేదు. చిన్నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్లు, వడ్ల పైసల లెక్కలు అన్నీ ఆ జీమెయిల్‌కే వస్తాయి మరి.

ఎన్‌క్రిప్ట్ అయింది అంటే అయిపోలేదు. 2013 సంగతి చెప్తా. అడోబీ, అదే ఫోటోషాప్ కంపెనీ. అప్పటి సీఈఓ మన హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్. అక్టోబర్ 3న వాళ్ళు 29 లక్షల మంది కస్టమర్ల డేటా పోయిందన్నారు. ఆ నెల దాటకముందే లెక్క 3.8 కోట్లకు పోయింది. బయటపడ్డ ఫైల్‌లో అయితే 15 కోట్లకు పైగా రికార్డులు!

అందులో పాస్‌వర్డులన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి. తాళంచెవి కూడా బయటికి రాలేదు. అయినా లక్షల పాస్‌వర్డులు తెలిసిపోయాయి. ఎట్లంటే, మా బాన్సువాడ రైస్ మిల్లు అనుకోండి. బస్తాలన్నీ మూతి కుట్టేసి ఉన్నాయి. కానీ ఒకే రకం బియ్యం ఉన్న ప్రతి బస్తా మీద ఒకే ముద్ర. ఒక్క బస్తాలో ఏముందో తెలిస్తే చాలు, ఆ ముద్ర ఉన్నవన్నీ తెలిసినట్టే. అడోబీ అందరికీ ఒకే కీ వాడింది, ఒకే పాస్‌వర్డ్ పెట్టినవాళ్ళకి ఒకే కోడ్ వచ్చింది. పైగా పాస్‌వర్డ్ హింట్‌లు ఎన్‌క్రిప్ట్ చేయకుండా పక్కనే పెట్టారు! ఒకరి హింట్ చూస్తే వందమంది పాస్‌వర్డ్ దొరికేది. 123456 పెట్టినవాళ్ళే దాదాపు 19 లక్షల మంది. అసలు పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయనేకూడదు, ఒక్కొక్కరికి వేరే సాల్ట్ కలిపి హ్యాష్ చేయాలి. దాన్ని వెనక్కి తిప్పే తాళంచెవే ఉండదు.

అందుకే అట్లాంటి మెయిల్ వస్తే కంపెనీని మూడు అడగండి. ఏ ఫీల్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యాయి? కీ కూడా పోయిందా? ఎప్పటి డేటా? పేరు, ఫోన్ నంబర్, అడ్రస్ మామూలుగానే ఉంటే ఫ్రాడ్ కాల్ చేసేటోడికి అవే చాలు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. మన సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ళ స్టూడెంట్‌ని పట్టుకున్నారు, మంచిదే. కానీ ఒకసారి కాపీ అయిన డేటా అరెస్టుతో వెనక్కి రాదు కదా.

మా తమ్ముడితో ఆ రాత్రే చేయించా. ముందు జీమెయిల్ పాస్‌వర్డ్, ఆ తర్వాతే షాపింగ్ యాప్‌ది. చాలామంది ఉల్టా చేస్తారు. మెయిల్‌లో ఉన్న లింక్ నొక్కకుండా యాప్ తెరిచే మార్చాడు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేశాడు. డబ్బులు పోతే వెంటనే 1930కి కొట్టమని చిన్నాన్నకు కూడా చెప్పా. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ పెట్టాడో రాస్తూ పోతే పదకొండు తేలాయి. అందులో ఒకటి చిన్నాన్న ఫోన్‌పే లాక్.