అమ్మమ్మ చేత చుట్ట మాన్పించాలంటే
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల వసతిగృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఏటా ఈ రోజున మన భాష గురించి, మన పాట గురించి, మన థింసా గురించి చెప్పుకుంటాం. ఆ పాటలు ఎక్కడున్నాయి పిల్లలూ? చాలామటుకు పుస్తకాల్లో లేవు. మన అమ్మమ్మల, నాయనమ్మల నోట్లో ఉన్నాయి. ఈరోజు నేను ఆ నోటి గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

మన ఉత్తరాంధ్రలో చాలామంది ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటాం. మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు కాబట్టి వింతగా అనిపించదు. కానీ ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మొదట అంగిలి తెల్లబడుతుంది. తర్వాత ఎర్ర మచ్చలు, పుండ్లు రావచ్చు. కొందరిలో అది క్యాన్సర్ అవుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఎవరూ చూపించుకోరు. నొప్పి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్‌తో పాటు మన శ్రీకాకుళం జిల్లాలోనూ పొగాకు వాడే సుమారు 36 వేల మందిపై పరిశోధకులు అధ్యయనం చేశారు. 1986లో ఫలితాలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి ఓపిగ్గా చెబితే కొందరు మానేశారు, కొందరు తగ్గించారు. అలాంటివాళ్ల నోళ్లలో కొత్త మచ్చలు రావడం తగ్గింది. అంటే పల్లెటూరి ముసలమ్మ కూడా అలవాటు మార్చుకోగలదు.

"ఈ వయసులో మానితే ఏం లాభం" అని మీ ఇంట్లోనే అంటారు. బ్రిటన్‌లో డాక్టర్లను 50 ఏళ్ల పాటు గమనించి 2004లో ఒక లెక్క చెప్పారు. అది సిగరెట్ల లెక్క. 60 ఏళ్ల వయసులో మానేసిన వాళ్లకు కూడా సుమారు 3 ఏళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడొచ్చు, ముని మనవడిని ఎత్తుకోవచ్చు.

సరే, మరి ఎలా చెప్పాలి? "చుట్ట మానెయ్, చచ్చిపోతావ్" అంటే ఏ అమ్మమ్మా మానదు. "నేను పోయేదాన్నేగా" అంటుంది, అంతటితో మాట అయిపోతుంది. బీఈడీలో మాకు ఒక సూత్రం నేర్పారు, తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లమని. ముందు అడగండి. ఎప్పుడు మొదలుపెట్టావు, ఎందుకు తాగుతావు, తాగకపోతే ఏమవుతుంది అని. గాలికి ఆరిపోకుండా, వానలో తడవకుండా ఉంటుందని నిప్పు లోపల పెట్టుకున్నామంటారు. చలికని అంటారు, పంటి నొప్పికని అంటారు, పక్కన కూర్చునే తోడు లేకని అంటారు. ఒక్కో కారణానికి ఒక్కో దారి వెతకాలి. పంటి నొప్పైతే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తోడు లేకపోతే మనం కూర్చోవాలి.

మా హాస్టల్లో ఇంటర్ చదివే ఒక అమ్మాయి దసరా సెలవుల్లో ఇదే చేసింది. అమ్మమ్మ రోజుకు ఆరు చుట్టలు తాగేది. ఏ చుట్ట ఏ వేళకో ఇద్దరూ కలిసి లెక్క పెట్టారు. రాత్రి పడుకునే ముందుది మొదట వదిలేద్దామనుకున్నారు, ఎందుకంటే అదే గదిలో పసిబిడ్డ పడుకుంటుంది. పొద్దున చోడి అంబలి తాగాక వేసుకునే చుట్టకు బదులు సోంపు, లవంగం నోట్లో వేసుకోమంది. కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే దాని జోరు తగ్గుతుందని చెప్పి, ఆ కాసేపు పాట పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసింది. సంక్రాంతికి రెండు చుట్టలకు దిగింది. ఇంకా పూర్తిగా మానలేదు. ఒకరోజు విసుక్కుని మళ్లీ నాలుగు తాగిందట. ఆ పిల్ల తిట్టలేదు, మర్నాడు మళ్లీ రెండు దగ్గర మొదలుపెట్టించింది. మెల్లగా ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లి అంగిలి కూడా చూపించింది. తగ్గించడం మొదటి మెట్టే, పూర్తిగా మానేదాకా వెంట ఉండాలి.

ఇక మన సంగతి. సంత నుంచి చుట్టలు కొని తెచ్చేది ఎవరు? పొయ్యిలోంచి నిప్పు అందించేది ఎవరు? మనమే. అమ్మమ్మ మీద గౌరవంతోనే తెస్తున్నాం, నిజమే. ఆ గౌరవంతోనే ఇకమీదట సంత సంచిలో బత్తాయిలు తెద్దాం. దొంగచాటుగా చుట్టలు దాచేయకండి, అది పెద్దవాళ్లను అవమానించడం. చెప్పి, ఒప్పించి తగ్గించండి. అబ్బాయిలకు ఇంకో మాట. మీరు ఖైనీ, గుట్కా నములుతూ అమ్మమ్మకు నీతులు చెప్తే నవ్వుతుంది. చుట్ట మాన్పించి ఖైనీ అలవాటు చేయకండి, అదీ నోటి క్యాన్సర్ తెచ్చేదే.

ఈ వారం ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. అమ్మమ్మను పగటి వెలుగులో కూర్చోబెట్టి, నోరు తెరవమని అంగిలి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎమ్‌కో చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్ని తాగుతుందో, ఎందుకు తాగుతుందో అడిగి రాసుకోండి. మానాలనే ఆలోచన ఉంటే పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800 112 356కి మీరే కలిపి మాట్లాడించండి.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం ఒంటరిగా పంపకండి. మన భాష తెలియని చోట ఆమె నోరు విప్పదు. మీరు పక్కన నిలబడి ఆమె మాట డాక్టరుకు, డాక్టరు మాట ఆమెకు చెప్పాలి. మీరు చదువుకున్న చదువు ముందుగా అక్కరకు రావాల్సింది అక్కడే.

సెలవు తీసుకుంటాను. జై ఆదివాసీ.