భరతుని లేడిపిల్ల
(మంగంపేటలో చేసిన ప్రవచన పాఠము)



భాగవతము పంచమస్కంధములోని భరతోపాఖ్యానము మీకు క్రొత్త కాదు. పోతనగారి భాగవతములో ఈ స్కంధమును తెనిగించినవాడు ఆయన శిష్యుడు గంగన. సాధారణముగా ఈ కథను వైరాగ్యము బోధించుటకు చెప్పుదుము. నేడు దానిని మరియొక పనికై తలచుచున్నాను. మన మంగంపేటకు ఒక ప్రక్క ముగ్గురాయి గనులు, మరియొక ప్రక్క శేషాచల అరణ్యము. లారీలు తిరుగు బాట మీదనో, రైలుకట్ట వెంబడియో, మామిడితోట కంచెలోనో దెబ్బతిన్న అడవిప్రాణి కంటబడవచ్చును. చూచినంతనే దయ పుట్టును. ఆ దయతో ఏమి చేయవలెనన్నదే నేటి విషయము.

రాజ్యము విడిచి గండకీ తీరమున తపస్సు చేసికొనుచున్న భరతుడు ఒకనాడు నదీతీరమున జపములో ఉండెను. నిండుచూలాలైన లేడి యొకటి నీరు త్రాగ వచ్చినది. అంతలో సింహగర్జన వినబడినది. లేడి బెదరి నదిని దాట దుమికినది. గర్భము జారి పిల్ల నీటిలో పడినది, తల్లి ఆవలి గుహ చేరి మరణించినది. కొట్టుకొనిపోవుచున్న పిల్లను భరతుడు ఎత్తుకొని ఆశ్రమమునకు తెచ్చెను.

ఇంతవరకు దోషమేమియు లేదు. తీయకున్నచో పిల్ల ఆ క్షణముననే పోయెడిది. తీయుట ధర్మము. చిక్కు అంతా తరువాతనే. గడ్డి తానే కోసి తెచ్చును, ఒడిలో పరుండబెట్టుకొనును, కొంచెము దూరము పోయినచో ఏ తోడేలు తినెనో యని వెదకును. జపము తగ్గినది, పూజ తగ్గినది. అంత్యకాలమున లేడినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. ఇది భరతునికి కలిగిన నష్టము. మరి లేడికి కలిగిన నష్టమును మనము ఎన్నడైన ఆలోచించితిమా? మనుష్యుని ఒడిలో పెరిగిన లేడికి సింహపు వాసన పట్టినచో పరుగెత్తవలెనని ఎవరు నేర్పవలెను? తోడి లేళ్ళ మందలో అది ఇముడునా? తల్లి యుండిన నేర్పియుండును. తపస్వి నేర్పలేడు.

ఇది పురాణకాలముతో ముగిసిన కథ కాదు. ఉత్తరప్రదేశములోని అమేథీ ప్రాంతమున ఒక రైతు కాలు విరిగిన సారసపక్షిని చూచి కట్టు కట్టి బ్రతికించెను. వాల్మీకి శోకమునకు కారణమైన క్రౌంచము ఈ సారసమేయని కొందరు పండితుల అభిప్రాయము. నయమైన తరువాత ఆ పక్షి ఆయనను విడువలేదు. బండి మీద పోవుచుండగా వెంట ఎగురుచు వచ్చెడిది. దేశమంతయు ఆ దృశ్యము చూచి మురిసినది. 2023 మార్చిలో అటవీశాఖవారు దానిని తీసికొనిపోయిరి. తుదకది కాన్పూరు జంతుప్రదర్శనశాలకు చేరినది. ఆ రైతు మీద కేసు కూడ నమోదైనది. ఆయన హృదయము మంచిదే. దానిని నేను శంకింపను. కాని పక్షి కాలికి కట్టు కట్టిననాడే అధికారులకు చెప్పియుండిన, ఇరువురికిని ఆ ఎడబాటు ఉండెడిది కాదేమో.

అమెరికాలో యెల్లోస్టోన్ అను మహారణ్యమున 2016 మేనెలలో మరింత విషాదము జరిగినది. అడవిదున్న జాతికి చెందిన బైసన్ దూడ యొకటి చలికి వణకుచున్నదని తలచి యాత్రికులు దానిని తమ కారులో ఎక్కించుకొని అధికారుల వద్దకు తెచ్చిరి. తరువాత ఎన్ని పర్యాయములు మందలో కలుప యత్నించినను మంద దానిని చేర్చుకొనలేదు. తుదకు అధికారులే దానిని చంపవలసి వచ్చినది.  దయయే ఆపదయైనది.

కావున మొదటి ప్రశ్న, ఆ ప్రాణికి నిజముగా ఆపద కలిగినదా? జింక తన పిల్లను పొదలో దాచి మేతకు పోవును. పిల్ల కదలక పడియుండును. కుందేలు పిల్లలు పగలంతయు ఒంటరిగనే ఉండును. తల్లి చీకటి పడిన తరువాత వచ్చి పాలిచ్చి పోవును. ఈకలు వచ్చిన పక్షిపిల్ల నేల మీద గెంతుచున్నచో అది ఎగురుట నేర్చుకొనుచున్నదని తెలియవలెను. తలిదండ్రులు దగ్గరనే ఉందురు. ఈకలు రాని పసిగ్రుడ్డు గూటినుండి పడినచో మెల్లగా గూటిలోనే పెట్టవచ్చును. మనిషి చేయి సోకినచో తల్లి పక్షి రానీయదను మాట నిజము కాదు. అట్లే పాము నోటిలోని కప్పను విడిపించుట రక్షణ కాదు. శిబిచక్రవర్తి పావురమునకు అభయమిచ్చినపుడు, నా ఆహారము మాటేమిటని డేగ అడిగినది. శిబి దానిని తోసిపుచ్చలేదు, తన మాంసమునే కోసి ఇచ్చెను. డేగకు కూడ ఆకలి కలదు.

నిజముగా గాయపడినదని తేలినచో ఏమి చేయవలెను? నేను వైద్యుడను కాను. పశువైద్యులు, అటవీశాఖవారు చెప్పుచున్నదే చెప్పుచున్నాను. ముందు జనమును దూరముగా పంపవలెను, కుక్కలను తరుమవలెను. జింకజాతి ప్రాణికి గాయము కంటె భయము ప్రమాదకరము. చుట్టును మూగి కేకలు వేయుచు పట్టి ఈడ్చినచో, ఆ బెదురుకు కండరములు చెడి, చిన్న గాయముతో కూడ చచ్చును. కన్నుల మీద మెత్తని గుడ్డ కప్పి, నీడ కల్పించి, ఊరక కావలి యుండుటయే గొప్ప ఉపకారము. చిలుక, ఉడుత వంటి చిన్న ప్రాణియైనచో గుడ్డతో పట్టి, గాలికి రంధ్రములు చేసిన అట్టపెట్టెలో ఉంచి, చీకటిగా, నిశ్శబ్దముగా ఉన్న చోట పెట్టవలెను. నోట నీరు పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. పాలు పోయుట మనకు పుణ్యముగా తోచును గాని పక్షికి పాలు జీర్ణము కావు. పామునకును అంతే. నాగులచవితి పూజ వేరు, గాయపడిన పామునకు చికిత్స వేరు. దాని దగ్గరకు పోకుండుటయే మీరు చేయగల చికిత్స. మన రాయలసీమ ఎండలలో పక్షులు వడదెబ్బకు రాలిపడును. వాటిని నీడకు చేర్చి, లోతు లేని మూకుడులో నీరు ప్రక్కన పెట్టినచో తేరుకొని తామే త్రాగును.

విద్యుత్ తీగ తగిలి పడిన కోతి నైనను, మరి దేనినైనను, కరెంటు ఆపించక ముందు తాకరాదు. బావిలో చిరుతయో ఎలుగుబంటియో పడినచో రాళ్ళు వేయుట, తొంగి చూచుట మానవలెను. అటవీ సిబ్బంది వచ్చి నిచ్చెనయో చెట్టుకొమ్మయో దించి జనమును పంపివేసిన, చాల పర్యాయములు అది తానే ఎక్కి అడవికి పోవును. జాంబవంతుడు ప్రతిష్ఠించెనని చెప్పుకొను ఒంటిమిట్ట మనకు దగ్గరనే కలదు. అంతమాత్రమున ఎలుగుబంటి భక్తులను గుర్తుపట్టునని తలచరాదు. ఏనుగుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవిదారిన తలకోనకు నడచిపోవుచున్న భక్తులలో ముగ్గురు మన ఓబులవారిపల్లె మండలములోని గుండాలకోన వద్ద ఏనుగుల వలన ప్రాణములు కోల్పోయిరి. వినాయకుని రూపమని దగ్గరకు పోవుట తగదు. గాయపడిన ఏనుగైనచో మరింత దూరముననే ఉండవలెను.

అడవినక్కయో, ముంగిసయో భయము లేక మనిషి దగ్గరకు వచ్చినచో అది సాధుత్వము కాదు, పిచ్చివ్యాధి కావచ్చును. కరచినను, గీరినను ఆ చోటును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను. పసరులు, కారపు పట్టీలు వద్దు.

ఇక ముఖ్యమైన మాట. ప్రాణిని ఇంటిలో ఉంచుకొనరాదు. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయమునకు చెప్పవలెను. అది తెలియకున్నచో పోలీసులకు 112కు ఫోను చేయవచ్చును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిప్రాణి ప్రభుత్వపు సొత్తు. అది చేతికి వచ్చినవారు 48 గంటలలోగా పోలీసుస్టేషనులోగాని, అధికారికిగాని తెలుపవలెను. నక్షత్ర తాబేలును అదృష్టమని ఇంటిలో పెంచుట, రామచిలుకను పంజరములో ఉంచుట కూడ నేరములే. శుకమహర్షి నోట భాగవతము వినుచు, ఇంటిలో శుకమును బంధించుట ఎట్టి భక్తియో నాకు తెలియకున్నది.

మన సీమకే ప్రత్యేకమైన కలివికోడి సంగతి వినుడు. 1900 తరువాత ఎవరికిని కనబడలేదని, అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. 1986లో సిద్ధవటము దగ్గర రెడ్డిపల్లె అడవిలో రాత్రివేళ మరల దొరకినది. లోకమంతయు ఆనందించినది. కాని చేత చిక్కిన ఆ పక్షి బ్రతుకలేదు. అడవిప్రాణికి మన ఇల్లు ఎంత పరాయిదో దీనివలన తెలియుచున్నది.

ఎంత చేసినను కొన్ని బ్రతుకవు. రెక్కలు తెగి పడియున్న జటాయువును చూచి శ్రీరాముడు మొదట సీతను తినిన రాక్షసుడని భ్రమపడి బాణమెత్తెను. నిజము తెలిసిన తరువాత విల్లు పారవేసి కౌగిలించుకొని ఏడ్చెను. ప్రాణము పోయిన పిదప తండ్రికి వలె దహనము చేసి గోదావరిలో ఉదకమిచ్చెను. మన ఊళ్ళలో కోతి చనిపోయినచో ఊరేగించి సమాధి చేయుట ఈ భావముతోనే. తప్పు లేదు, కాని చేయి వేయుటకు ముందు పశువైద్యునికి చెప్పవలెను. వ్యాధితో పోయినదేమో తెలియవలెను గదా. నెమలియో, జింకయో, చిరుతయో చనిపోయి కనబడినచో కదల్పక అటవీశాఖవారికి తెలుపవలెను. ఈక, గోరు, కొమ్ము, చర్మము ఏదియు తీసికొనరాదు.

ఉపనయనమునకు కృష్ణాజినము ఎక్కడ దొరకునని అడుగుచు నా వద్దకు ఇప్పటికిని కొందరు వచ్చుచున్నారు. చచ్చిన జింక చర్మమేగదా, చంపలేదుగదా అందురు. దొరకినను తేవలదని వారికి చెప్పుచున్నాను. నేను జరిపించు ఉపనయనములలో వటువును దర్భాసనము మీదనే కూర్చుండబెట్టుచున్నాను.