అనుమానం ఎవరి మీద?



ఇల్లన్నాక వస్తువులు పోతూ ఉంటాయి. పాప చెవిదిద్దు స్నానాల గదిలో జారిపోతుంది. పాలవాడికిద్దామని ఫ్రిజ్ మీద పెట్టిన నోటు మళ్ళీ చూస్తే ఉండదు. మన ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వైపు అపార్టుమెంట్లలో అయితే ఈ కబురు గంటలో పై అంతస్తు దాకా పోతుంది. ఇప్పుడు ఫోన్లో గ్రూపులు కూడా ఉన్నాయి కనుక గంటైనా అక్కర్లేదు. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న "ఎక్కడ పెట్టావమ్మా?" అని కాదు, "ఇవ్వాళ ఎవరెవరు వచ్చారు?" అని. వచ్చినవాళ్ళలో మరిదిగారు ఉంటారు, పక్కింటి పిన్నిగారు ఉంటారు, మన అబ్బాయి స్నేహితులు ఉంటారు. కాని పైకి వచ్చే పేర్లు ఏవో మీకు వేరే చెప్పాలా? పనిమనిషి, వాచ్‌మన్ కొడుకు, చేటలూ బుట్టలూ అమ్ముకుంటూ వచ్చిన ఎరుకలామె. ఆ ముగ్గురితో జాబితా అయిపోతుంది.

ఈ అలవాటు వెనక ఒక చరిత్ర ఉంది, ఒక చట్టమే ఉంది. ఈ వేళ ఆ సంగతి మీతో చెప్పుకుందామని.

1871 అక్టోబరులో ఇంగ్లీషు ప్రభుత్వం 'నేరస్థ జాతుల చట్టం' అని ఒకటి చేసింది. దొంగతనం చేసినవాణ్ణి దొంగ అనడం ఏ చట్టమైనా చేసే పనే. ఈ చట్టం అలా కాదు, ఫలానా జాతిలో పుడితే చాలు, దొంగ అంది. వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతున్నాడు, సాలెవాడి కొడుకు సాలెవాడు అవుతున్నాడు, కాబట్టి ఈ దేశంలో దొంగతనం కూడా కులవృత్తే అయి ఉండాలని ఆనాటి దొరలు వాదించారు. మొదట ఉత్తరాదికే ఉన్న ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ జాతిలోని మనిషి పేరూ వేలిముద్రా రిజిస్టరులోకి ఎక్కేవి. చెప్పిన వేళకు హాజరు పలకాలి. పాసు లేకుండా ఊరు దాటితే అదే నేరం. అన్నిటికన్నా ఘోరమైనది మరొకటుంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. తల్లి దగ్గర పెరిగితే దొంగబుద్ధి వస్తుందట!

మన ఎరుకలవాళ్ళ సంగతే తీసుకోండి. వాళ్ళు ఒకప్పుడు చేసిన పని ఉప్పు వర్తకం. సముద్రపు వొడ్డు నుంచి ఉప్పు గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి, అక్కణ్ణించి ధాన్యం పట్టుకుపోయేవారు. మన అమ్మమ్మల అమ్మమ్మల చారులో పడిన ఉప్పు వాళ్ళు మోసినదే అయి ఉంటుంది. రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద ప్రభుత్వం పెత్తనం బిగిసింది. వర్తకం పోయింది. తెలంగాణాలో ధాన్యం మోసిన లంబాడీలకూ ఇదే గతి పట్టింది. తిరగడం అలవాటైన మనుషులు, తిరగడానికి ఉన్న కారణం పోయింది. పని లేకుండా తిరిగేవాడు పోలీసు కంటికి ఎలా కనిపిస్తాడో ఊహించుకోండి.

రైల్లో బాపట్ల నుంచి చీరాల వెళ్ళేటప్పుడు స్టువర్టుపురం స్టేషను వస్తుంది, చూసే ఉంటారు. 1913-14 ప్రాంతంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు వాళ్ళను అప్పగించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరు ఆ ఊరికి పెట్టారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అక్కణ్ణించి వెళ్ళేవారు. ఆ ఊరి పేరు తర్వాత తెలుగునాట ఒక తిట్టుగా మారింది. 1991లో ఆ ఊరి పేరుతోనే సినిమాలు తీశారు, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' దాకా ఆ ముచ్చట తీరలేదు. ఆ ఊళ్ళోనూ టీచర్లున్నారు, ఉద్యోగస్థులున్నారు. వాళ్ళ మీద సినిమా ఎవరు తీస్తారు లెండి! జాషువా గారి కూతురు హేమలతా లవణం గారు, భర్త లవణం గారితో కలిసి ఏళ్ళ తరబడి అక్కడివాళ్ళ మధ్య పనిచేశారు. 2008లో ఆవిడ పోయేనాటికి కూడా చాలామంది ఆవిడ పేరు కన్నా ఆ ఊరి దొంగల పేర్లే ఎక్కువ ఎరిగి ఉన్నారు.

మద్రాసు రాజధానిలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే దేశంలోని మిగతావాళ్ళకు స్వరాజ్యం వచ్చిన ఐదేళ్ళకు వాళ్ళకు వచ్చింది. అందుకే విముక్త జాతులవాళ్ళు ఆగస్టు 31ని పండగ చేసుకుంటారు. కాని చట్టం పోయినా, పాత నేరస్థుల మీద నిఘా అనే పేరుతో రాష్ట్రాల్లో వేరే చట్టాలు వచ్చాయి. జైలు నిబంధనల పుస్తకాల్లో పాత మాటలు అలాగే మిగిలిపోయాయి. సుకన్యా శాంత అనే పత్రికా రచయిత్రి వాటిని ఏరి సుప్రీంకోర్టు ముందు పెడితే, 2024 అక్టోబరు 3న కోర్టు తీర్పు చెప్పింది. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచరాదు, రిజిస్టర్లలో కులం గడి తీసేయాలి, విముక్త జాతులవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయరాదు అని. పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో సంచార జాతులవాళ్ళకు పారిపోయే గుణం పుట్టుకతోనే ఉంటుందని రాసి ఉంది! 1871 ఎక్కడ, 2024 ఎక్కడ!

ఇప్పుడు మన ఉప్పల్ రోడ్డు మీదికి వద్దాం. ఈ పుట్టుక గుణం ఎంత నిజమో తేల్చగలిగినవాళ్ళు మన వీధి చివరే ఉన్నారు. హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి. పరిశోధనాలయం ఉంది కదా, అక్కడ లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిని మన దేశంలో రూపొందించారు. నేర పరిశోధనలో ఈ పని చేసే సి.డి.ఎఫ్.డి. సంస్థ మొదట్లో నాచారంలోనే ఉండేది. తర్వాత నాంపల్లికి పోయి, ఇప్పుడు మళ్ళీ ఉప్పల్ వచ్చింది. ఒక నెత్తుటి బొట్టు చూసి అది ఫలానా మనిషిదని వాళ్ళు చెప్పగలరు. ఫలానా జాతి దొంగజాతి అని మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. చెప్పడానికి అక్కడేమీ లేదు. 2009లో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులూ అమెరికావాళ్ళూ కలిసి దేశంలోని 25 సమూహాల రక్తం పరీక్షించి చూస్తే, కులస్థులైనా ఆదివాసులైనా దాదాపు అందరిలోనూ అవే రెండు ప్రాచీన వంశాల కలయిక కనిపించింది. పాళ్ళు తేడా, అంతే. మన పప్పుపులుసులో చింతపండు ఇంటింటికీ ఎక్కువతక్కువ అయినట్టు.

వేలిముద్రలకూ ఇలాంటి కథే ఉంది. ఇంగ్లండులో గాల్టన్ అనే ఆయన వేలిముద్రల్లో జాతి కనిపిస్తుందని ఆశపడి వేలకొద్దీ ముద్రలు చూశాడు. కనిపించలేదు. 1892లో తన పుస్తకంలో ఆ మాట ఒప్పుకున్నాడు కూడా. అయినా అదే వేలిముద్రతో మన దేశంలో జాతులకు జాతులనే రిజిస్టరు చేశారు.

అదలా ఉంచండి. పత్రికల్లో చూడండి, ఎక్కడైనా ఇళ్ళల్లో దొంగలు పడితే 'పార్ధీ గ్యాంగ్' అని రాస్తారు. పార్ధీ అంటే వేట మీద బతికిన ఒక తెగ పేరు. ఇంకో కులంవాడు బ్యాంకును ముంచితే ఆ కులం పేరుతో గ్యాంగ్ అని రాస్తారా? 2018 మే నెలలో ఈ పేరుతోనే తెలుగు జిల్లాల్లో ఫోన్లలో పుకార్లు తిరిగాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారని భయపడి, హైదరాబాదులోనే చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో, బిచ్చమెత్తుకునే సంచార జాతివాళ్ళు ఐదుగురిని చంపారు. అదే రోజుల్లో గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసులనూ, డప్పు కళాకారులనూ పంపి, పుకారు నమ్మొద్దని చెప్పించారు. ఫోన్లో వచ్చినదాన్ని పదిమందికి పంపేది ఎక్కువగా మనమే కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

మన గుమ్మం దాకా వచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని పోతే యాదాద్రి భువనగిరి జిల్లా వస్తుంది. అక్కడ అడ్డగూడూరు పోలీసు స్టేషనులో 2021 జూన్ 18న ఒక దళిత స్త్రీ ప్రాణం పోయింది. ఆవిడ వంటమనిషి. పనిచేసే ఇంట్లో డబ్బు పోయిందని ఫిర్యాదు వచ్చింది. ఆవిడనూ కొడుకునూ స్టేషనుకు తీసుకుపోయారు. తర్వాత ముగ్గురు పోలీసులను ఉద్యోగం నుంచి తొలగించారు, ప్రభుత్వం కుటుంబానికి పరిహారం ఇచ్చింది. ఆ సొమ్ముతో తల్లి తిరిగి వస్తుందా? ఫిర్యాదు చేయడం తప్పు అని నేను అనడం లేదు. నిజంగా పోతే ఫిర్యాదు చేయవలసిందే. కాని పోయిన వస్తువు సంగతి రాసివ్వడం వేరు, 'మా పనిమనిషే తీసింది' అని మనిషిని అప్పగించడం వేరు.

కొన్ని సంగతులు మనకూ తెలియాలి, మన ఇంట్లో పనిచేసేవాళ్ళకూ తెలియాలి. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చినా ఇవి మారలేదు. పొద్దు గుంకిన తర్వాత, పొద్దు పొడవకముందు ఆడవాళ్ళను అరెస్టు చేయరాదు. తప్పనిసరి అయితే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని మహిళా పోలీసే చేయాలి. సాక్షిగా ప్రశ్నలు అడగాలంటే ఆడమనిషిని స్టేషనుకు రమ్మని బలవంతపెట్టరాదు, ఆవిడ ఇంటికే రావాలి. అరెస్టు చేస్తే 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. పోలీసుల దగ్గర 'నేనే తీశాను' అని ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది రుజువు కాదు. దెబ్బలకు తట్టుకోలేక ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారు కదా.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. పురుళ్ళకూ పుణ్యాలకూ వెళ్ళి వస్తూ ఉంటారు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాతు నుంచి వెళ్ళిన ఒక తాతగారు పొద్దున్నే వీధిలో నడుస్తున్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు, సన్నటి నల్లమనిషి ఇళ్ళ వైపు చూస్తూ తిరుగుతున్నాడని. పోలీసు వచ్చి ఆయన్ని నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి. ఇంగ్లీషు రాదన్నదే ఆయన నేరం. ఆ పోలీసు మీద కేసు నడిచి చివరికి 2016లో కొట్టేశారు. అపార్టుమెంటు గేటు దగ్గర బుట్టలమ్మేమె ఆగి పైకి చూసినప్పుడు మనవాళ్ళు వాచ్‌మన్‌కు చేసే ఫోనుకూ, ఆ ఫోనుకూ ఎంత తేడా ఉందో మీరే చూసుకోండి. ఎరుకలసానికి మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఎంత మర్యాద! సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు అంతఃపురానికి వెళ్ళి, పద్మావతి తల్లికి సోది చెప్పాడు. ఆవిడ వెళ్ళిపోయాక ఎవరూ గిన్నెలు లెక్కపెట్టుకున్నట్టు కథలో లేదు.

అమెరికా బడుల సంగతి కూడా చెప్పాలి. 2013-14 లెక్కలు చూసి అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. బడిపిల్లల్లో నల్లవాళ్ళు నూటికి సుమారు 15 మంది. బడి నుంచి కొన్నాళ్ళు వెళ్ళగొట్టిన పిల్లల్లో మాత్రం నూటికి 39 మంది వాళ్ళే. మన బడుల్లో అలాంటి లెక్కలు ఎవరూ తీయరు. తీస్తే ఎలా ఉంటుందో! నాచారంలో ఒక బడిలో పనిచేసే స్నేహితురాలు చెప్పింది, బడి పేరెందుకు లెండి. ఒక పిల్ల రంగుపెన్సిళ్ళ డబ్బా కనిపించలేదు. క్లాసులో నలభైమంది ఉంటే టీచరు వెతికించింది ముగ్గురి సంచులే. ఒకతి ఇస్త్రీబండి ఆయన కూతురు, ఇంకొకడు వాచ్‌మన్ కొడుకు, మూడోది ఫీజు రాయితీ మీద చేరిన పిల్ల. డబ్బా మర్నాడు ఆటోలో సీటు కింద దొరికింది. ఆ మూడో పిల్ల వారం రోజులు కడుపునొప్పి అని బడికి రాలేదు. డబ్బా దొరికిందని క్లాసులో చెప్పారు గాని, ఆ ముగ్గురికీ విడిగా ఎవరూ ఏమీ చెప్పలేదట.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా నిషేధించింది. అది ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడగడం అయ్యాక ఈ రెండు ప్రశ్నలు కూడా అడిగి రండి. వస్తువు పోతే ఎవరెవరి సంచులు వెతుకుతారు, అందరివా, కొందరివా? పొరపాటని తేలితే ఆ బిడ్డతో, ఆ బిడ్డ తల్లితో ఎవరు మాట్లాడతారు? మీ పిల్లల సంచి ఎప్పుడూ వెతకలేదని తెలిసినా సరే, అడగండి.