కనీసపు కూలి - ఇరువురు ప్రభువులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కూలి ఇంతయని ముందుగా మాటాడుకొనక పని చేయించుకొన్న యజమానుని గూర్చి యాజ్ఞవల్క్యస్మృతి యొక నిర్ణయము చేసినది. వర్తకమైనచో లాభములో, పశువులైనచో పాడిలో, సేద్యమైనచో పంటలో పదియవ వంతు పనివానికి ముట్టవలెను. యజమానుడు ఈయకున్న రాజు ఇప్పింపవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును ఇట్టి నిర్ణయమే కలదు. అంతేకాక, రాజు సొంత సేద్యమున పాటుపడు వారికి, వారిపై ఆధారపడిన వారి సంఖ్యను బట్టి బత్తెమును, దానిపై నెలకు పణమున్నర పాతిక తక్కువ, అనగా ఒకటింబావు పణమును ఈయవలెనని అందు కలదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో సైన్యమునకు జీతబత్తెములు కాలము తప్పక ముట్టుచున్నవా యనునది యొకటి. ఆ కాలమున అడుగదగినవాడు ఒక్క రాజే. ఈ కాలపు కూలివాడు మొదట తెలిసికొనవలసినది వేరొకటి యున్నది. తన కూలిని నిర్ణయించు ప్రభుత్వము ఢిల్లీలోనిదా, రాష్ట్ర రాజధానిలోనిదా?

1946లో కేంద్ర శాసనసభ యెదుటికి వచ్చిన బిల్లు, 1948 మార్చి 15న కనీస వేతనముల చట్టమై అమలునకు వచ్చెను. రెండేండ్లకు రాజ్యాంగము వచ్చి, శ్రామికులకు జీవన వేతనము లభించునట్లు రాజ్యము పాటుపడవలెనని 43వ అధికరణమున చెప్పెను. శ్రామిక విషయములను ఉమ్మడి జాబితాలో చేర్చెను. ఉమ్మడి జాబితాలోని విషయములపై పార్లమెంటును, రాష్ట్ర శాసనసభయు చట్టములు చేయవచ్చును. రెండును విరోధించినచో సాధారణముగా పార్లమెంటు చట్టమే నిలుచును.

కూలి విషయమున చట్టము ఒక్కటియే గాని, రేటు వ్రాయు చేతులు రెండు. రైల్వేలకు, గనులకు, నూనె బావులకు, పెద్ద ఓడరేవులకు, కేంద్ర చట్టముచే ఏర్పడిన కార్పొరేషనులకు కేంద్రమే సముచిత ప్రభుత్వమని చట్టము చెప్పెను. తక్కిన వానికెల్ల రాష్ట్రము. బియ్యపు మిల్లు, పప్పు మిల్లు, నూనె మిల్లు, బీడీల తయారు, కంకర కొట్టుట, తోళ్ళపని, చివరకు వ్యవసాయము - ఇట్టివి షెడ్యూలులో చేర్చబడెను. ఏ పనినైనను కొత్తగా చేర్చు అధికారమును రాష్ట్రములకు ఈయబడెను.

ఇందలి చిక్కు ఒక ఉదాహరణముచే తేటపడును. గూడూరు ప్రాంతము కాకిబంగారమునకు, అనగా అభ్రకమునకు పేరొందినది. గనిలో దిగి త్రవ్వువాని కూలిని నిర్ణయించుట కేంద్రపు పని. ఆ త్రవ్విన దానినే ఒడ్డునకు తెచ్చి, శాలలో పొరలుగా చీల్చు ఆడుదాని కూలిని నిర్ణయించుట రాష్ట్రపు పని. మగడు గనిలో, భార్య శాలలో పనిచేయు ఇంటికి రెండు ప్రభుత్వములు! తక్కువ కూలి ముట్టినదని ఫిర్యాదు చేయవలసిన అధికారులును వేరు. ఫిర్యాదునకు ఆ చట్టమున గడువు ఆరు నెలలు. ఏ కచేరీ తనదో తెలియని వాడు ఒక కచేరీనుండి మరొక కచేరీకి తిరుగునంతలో ఆ గడువు తీరిపోవచ్చును.

రేటును ఒకసారి నిర్ణయించిన పిమ్మట అయిదేండ్లకు మించకుండ తిరిగి చూడవలెనని నిబంధన కలదు. ఆలస్యము చేసిన ప్రభుత్వమును ఏమి చేయవలెనో మాత్రము చట్టము చెప్పలేదు. రాష్ట్రమంతటను వేయిమంది కంటె తక్కువగా నున్న పనికి రేటు నిర్ణయింపక మానుటకును వీలు కల్పించినది. వ్యవసాయమునకు రాష్ట్రమంతటికిగాక ఒక భాగమునకు మాత్రమే రేటు పెట్టవచ్చును. కళ్లము దగ్గర గింజలు కొలుచు ఆచారమును కూడ చట్టము మరువలేదు. కూలి రొక్కముగానే ఈయవలెననుచునే, వాడుక యున్నచోట ప్రభుత్వము సెలవిచ్చినచో ధాన్యముగా కొలువవచ్చుననియు, దాని వెల కట్టవలెననియు చెప్పినది.

రేటునకు కొలత యేది? 1957 జూలైలో జరిగిన 15వ భారత శ్రామిక సమావేశము ఒక కొలత చెప్పెను. కుటుంబమునకు మూడు వినియోగపు పాళ్ళు, ఒక్కొక్క పాలునకు దినమునకు 2700 కెలోరీల ఆహారము, ఏడాదికి కుటుంబమునకు 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు దీపము మొదలగు వానికి 20 పాళ్ళు. 1991లో సుప్రీం కోర్టు పిల్లల చదువు, వైద్యము మున్నగు వానికై మరి 25 పాళ్ళు కలుపవలెననెను. తాహతు లేదను యజమానుని మాటకును 1961లోనే సుప్రీం కోర్టు జవాబు చెప్పినది. కేరళ రాష్ట్రము పెంకుల పరిశ్రమకు రేట్లు పెట్టగా వచ్చిన వ్యాజ్యమది. కనీసపు కూలి విషయమున యజమానుని తాహతు చూడబడదు.

కొలత ఒక్కటియైనను ఫలము ఒక్కటి కాలేదు. ఏ రాష్ట్రము లెక్క ఆ రాష్ట్రముదే. తుంగభద్రకు ఈ దరిని నాటు వేసినను, ఆ దరిని నాటు వేసినను నడుము ఒక్క తీరుననే నొచ్చును. దరి మారినచో ప్రకటిత కూలి మారును. ఈ వ్యత్యాసమును తగ్గించుటకు కేంద్రము 1996లో దినమునకు 35 రూపాయలని జాతీయ నేలమట్టపు రేటు నొకదానిని ప్రకటించి, అంచెలంచెలుగా పెంచుచు 2017 నాటికి 176 రూపాయలు చేసెను. అయితే దానికి చట్టబలము లేదు. అది సలహా మాత్రమే. సలహాతో అన్నము ఉడుకదు.

ఇట్టి ద్వంద్వ ప్రభుత్వమే అమెరికాలోను కలదు గనుక అచటి మాట ఒకింత చెప్పుకొనవలెను. వాషింగ్టన్ రాష్ట్రమున వెనాచీ యను పట్టణములో ఎల్సీ పారిష్ అను ఆమె ఒక హోటలులో గదులు ఊడ్చు పని చేసెడిది. స్త్రీలకు 48 గంటల వారమునకు పదునాలుగున్నర డాలరులకు తక్కువ ఈయరాదని ఆ రాష్ట్రపు నిర్ణయము. హోటలువారు అంత ఈయలేదు. తనకు రావలసిన 216 డాలరుల పైచిలుకు కొరకు ఆమె వ్యాజ్యము వేసెను. అంతకు పూర్వము ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, కూలి యెంతయన్నది పనిచేయించువాడును చేయువాడును కుదుర్చుకొను ఒడంబడిక గనుక ప్రభుత్వము తలదూర్చరాదని ఇట్టి చట్టములను కొట్టివేసియుండెను. 1937లో అయిదుగురు న్యాయాధిపతులు ఒకవైపు, నలుగురు మరొకవైపు ఉండగా ఎల్సీ పారిష్ గెలిచెను. మరుసటి యేటనే దేశమంతటికి కనీసపు కూలి చట్టము వచ్చి, గంటకు 25 సెంట్లు నిర్ణయించెను.

అచట కేంద్రపు రేటు 2009 జూలై నుండి గంటకు ఏడుంబావు డాలరు. 2025లో ఆ వాషింగ్టన్ రాష్ట్రపు రేటు 16 డాలరుల 66 సెంట్లు. జార్జియా రాష్ట్ర చట్టములోనో అయిదు డాలరుల 15 సెంట్లే. అలబామా, మిసిసిపీ మొదలగు అయిదు రాష్ట్రములకు సొంత చట్టమే లేదు. ఐనను సూత్రము తేలికగా తెలియును. రెండు చట్టములును వర్తించు పనివానికి, ఏది యెక్కువయైన అది ముట్టవలెను.

ఈ దేశమున అట్టి సూత్రము లేని లోటు ఉపాధి హామీ పనులలో బయటపడెను. 2005 నాటి ఉపాధి హామీ చట్టపు 6వ సెక్షను, కనీస వేతనముల చట్టము ఏమి చెప్పినను, ఆ పనులకు కూలిరేటును కేంద్రము వేరుగా నిర్ణయింపవచ్చుననెను. అట్లు నిర్ణయించువరకు రాష్ట్రపు వ్యవసాయ కూలి చెల్లవలెను. రాష్ట్రము కూలి పెంచినకొలది ఖర్చు కేంద్రముపై పడుచుండుటచే, 2009 జనవరి 1న కేంద్రము తన రేటును విడదీసెను. అప్పటినుండి రెండు రేట్లు రెండు దారులు పట్టెను. అదే ఊరిలో అదే పారతో రైతు పొలమున మట్టి యెత్తినవానికి చట్టరీత్యా రావలసినదొకటి. ప్రభుత్వపు చెరువులో మట్టి యెత్తినవానికి ముట్టునది మరొకటి.

ప్రభుత్వమే కనీసమునకు తక్కువ ఈయవచ్చునా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడపు పనివారి వ్యాజ్యమున, కనీసపు కూలికి తక్కువ యిచ్చి చేయించుకొనుట 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యగునని సుప్రీం కోర్టు పలికెను. మరుసటి సంవత్సరమున రాజస్థానపు కరవు పనుల విషయమునను అట్లే తీర్పు చెప్పెను. ఆకలిగొన్నవాడు ఎంతకైనను ఒప్పుకొనును గనుక, ఆ ఒప్పుకోలును చూపి తప్పించుకొన వీలులేదని ఆ తీర్పుల సారము. ఈ న్యాయమును పట్టియే 2009లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము కేంద్రపు ప్రకటనను నిలిపివేసెను. 2011లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము కూలివారి పక్షమున తీర్పు చెప్పగా, ఆ తీర్పును నిలుపుటకు 2012 జనవరిలో సుప్రీం కోర్టు ఒప్పుకొనలేదు. మహేంద్రదేవ్ సంఘము 2014లో, రెండింటిలో ఎక్కువదానినే ప్రాతిపదికగా కొనవలెనని సలహా యిచ్చెను. అది అమలు కాలేదు. కేంద్రము ధరల సూచికను బట్టి యేటేట కొంత పెంచుచు వచ్చెను. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు దినమునకు 307 రూపాయలు నిర్ణయించెను. ఆ చట్టమునకు మారుగా 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టమును ఆమోదించినది. అందును కూలిరేటు నిర్ణయాధికారము కేంద్రమునకే కలదు.

తక్కిన పనులకు మార్పు కొంత మేలైనది. 2019లో ఆమోదింపబడిన వేతనముల కోడు 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, 1948 నాటి చట్టమును తొలగించెను. షెడ్యూలు పోయినది, అందున్నను లేకున్నను ప్రతి పనికి కనీసపు కూలి కలదు. కేంద్రము నిర్ణయించు నేలమట్టపు రేటునకు ఇప్పుడు చట్టబలము కలదు. ఏ రాష్ట్రమును దానికి దిగువను రేటు పెట్టరాదు. అప్పటికే ఎక్కువ రేటున్న రాష్ట్రము దానిని తగ్గింపరాదు. ఈ కడపటి నిబంధనయే ప్రాణము. అది లేకున్నచో నేల కాస్త కప్పుగా మారి, నేలమట్టపు రేటును చూపి పై రేట్లను దించుట జరుగును. నేలమట్టపు రేటును ప్రాంతమునకొక తీరున పెట్టుటకును కోడు వీలిచ్చుచున్నది. ప్రాంతముల విభజన యెట్లుండునో దానిని బట్టి మెట్టసీమల కూలివాని గతి యుండును.

గనులు, రైల్వేలు కేంద్రమునకు, మిల్లులు, పొలములు రాష్ట్రమునకు అను పాత విభజన మాత్రము కోడులోను నిలిచినది. కావున కచేరీ యేదో తెలిసికొను పని కూలివానికి తప్పదు. ఫిర్యాదు గడువు మాత్రము ఆరు నెలలనుండి మూడేండ్లకు పెరిగినది. తగ్గించిన మొత్తమునకు పదిరెట్ల వరకు పరిహారము విధించు అధికారము ఆ యుద్యోగికి కలదు.