తాతల చెవి పిల్లలకు



చైత్రం అంటే మన మన్యంలో ఇటుకల పండుగ, మగవాళ్లు వేటకు వెళ్లే రోజులు. 1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత ఆ వేటను ఎలా చూడాలన్న చర్చ ఉంది. దాన్ని ఇవాళ తేల్చబోను. నేనడిగేది ఒక్కటే. వేట తగ్గితే దానితో పాటు మన చెవి కూడా పోవాలా? ఏ కూత ఎవరిది, ఏ అరుపు వింటే ఆగిపోవాలి, ఇదంతా వేట నేర్పిన చదువు. దాన్ని పిల్లలకు అప్పజెప్పడానికే బూరుగు పూసినప్పటి నుంచి ఇప్పపూలు అయిపోయే వరకు, ఆదివారం పొద్దున్నే కుటుంబాలను అడవిలోకి తీసుకెళ్తున్నాం.

ఇప్పపూలు ఏరడానికి వెళ్లే వేళకే బయల్దేరాలి. ఎండెక్కితే చాలా పిట్టలు గొంతు ఆపేస్తాయి. పదిమందికి మించితే మన మాటలే వినిపిస్తాయి. పూసిన బూరుగు దొరికితే ఇక నడవనక్కర్లేదు. తేనె కోసం గోరింకలు, ఏట్రింతలు అక్కడికే వస్తాయి. పిల్లల్ని కళ్లు మూసుకుని కూర్చోమంటాం. కొత్త కూత విన్నప్పుడల్లా ఒక వేలు మడవాలి. తర్వాత పుల్లతో నేల మీద తానున్న చోటు గీసి, ఏ కూత ఎటు నుంచి వచ్చిందో గుర్తు పెట్టాలి. అయిదేళ్ల పిల్లలు కూడా చక్కగా చేస్తారు.

కంసాలి పిట్ట దగ్గర మాత్రం పెద్దవాళ్లూ తికమక పడతారు. టుక్ టుక్ మని సుత్తి దెబ్బలు వినిపిస్తాయి, పిట్ట కనబడదు. అది నోరు తెరవకుండా గొంతు ఉబ్బించి, తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది. అందుకే శబ్దం చోటు మారినట్టుంటుంది. కోయిల సంగతి చెబితే పిల్లలు నమ్మరు. కూ అని పాడేది నల్లటి మగది. ఒళ్లంతా చుక్కలున్న ఆడది కిక్ కిక్ మంటుంది.

ఫోన్లో కూత పెట్టి పిట్టను రప్పించకండి. గూడు కట్టే కాలం, ఎవరో పోటీకి వచ్చారని అది గూడు వదిలి వస్తుంది. ఉండేలు తెచ్చిన పిల్లాణ్ణి మాత్రం వెనక్కి పంపకండి, చెవి బాగా పనిచేసేది వాడికే. ఉండేలు తాత చేతికిచ్చి వాణ్ణి ముందు నడవమనండి.

నడిపించాల్సింది ముసలివాళ్లే. పుస్తకంలోని పేరు చదువుకున్న కుర్రాళ్లు చెబుతారు, మంచిదే. కానీ ముందు కువిలోనో, కూబిలోనో, ఆదివాసీ ఒరియాలోనో పేరు రావాలి. అవ్వ చెప్పిన పేరును మనవరాలు నోటుబుక్కులో తెలుగు లిపిలో రాస్తుంది. కొన్ని పేర్లు మధ్యలో ఉన్న కోడలికే తెలియవు!

విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు మన కొండల పక్షుల మీద పనిచేశారు. 1985లో తూర్పు కనుమల్లోని ఒక పొదపిట్ట ఉపజాతికి రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. సంతోషం. మరి ఆ పొదల పక్కనే బతికిన మనవాళ్లు దాన్ని ఏమని పిలిచేవారు? అడిగితే చెప్పగల అవ్వలు ఈ సభలోనే ఉండొచ్చు. భోజనాల దగ్గర నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాం, దయచేసి వచ్చి చెప్పండి.