గోశాల లెక్క



నేడు కార్తిక శుద్ధ అష్టమి, గోపాష్టమి. బాలకృష్ణుడు లేగలను కాయుట మాని, పెద్ద ఆవుల మందతో తొలిసారి వనమునకు వెడలిన దినమని పెద్దలు చెప్పుదురు. ఉదయము గోపూజ చేసితిమి, గోగ్రాసము పెట్టితిమి. ఈ సాయంకాలము గోమహిమను గూర్చి గాక, గోవుల లెక్కను గూర్చి మనవి చేయదలచినాను. పండుగపూట లెక్కలేమిటని కొందరికి తోచవచ్చును.

కొంతకాలము క్రిందట నేనొక దేవస్థానమునకు వెళ్ళియుండగా, ఒక వృద్ధురాలు గోశాల వాకిట నిలిచి, "అయ్యా, మనవడి జ్వరం తగ్గితే కోడెదూడనిస్తానని మొక్కుకున్నాను. పోయిన శివరాత్రికి తెచ్చి అప్పగించాను. నుదుట తెల్లచుక్క ఉంటుంది. ఒక్కసారి చూసి పోతాను" అని అడిగినది. గుమాస్తా పుస్తకము తిరగవేసెను. రసీదు సంఖ్య యున్నది, ఆనాడు స్వీకరించిన దూడల మొత్తమున్నది. ఆ దూడ ఏమైనదో లేదు. "చనిపోయిందేమో, రైతుకిచ్చారేమో" అనెను. ఆమె కోపగించలేదు. తెచ్చిన పచ్చగడ్డి కట్టను అక్కడి వేరొక దూడ ముందు వేసి వెళ్ళిపోయినది. "చనిపోయినదమ్మా" అని చెప్పియుండిన ఆమె ఏడ్చి ఊరడిల్లెడిది. ఆ "ఏమో" అను మాట నన్ను నేటికిని విడువలేదు.

సింహాచలమున అప్పన్నకు, వేములవాడలో రాజన్నకు కోడెలను మొక్కుకొనుట మనకు తరతరముల ఆచారము. దేవునికిచ్చిన పిమ్మట అడుగరాదందుము. మరి హుండీలో పడిన రూపాయిని పదిమంది యెదుట లెక్కించి వ్రాయుచున్నాము గదా! ఊపిరియున్న కానుకకు ఆపాటి లెక్క వలదా?

మన పూర్వులు ఈ పనిని చిన్నదిగా చూడలేదు. మాద్రీపుత్రుడు సహదేవుడు తాను ధర్మరాజు గోవుల లెక్క చూచినవాడనని చెప్పుకొని విరాటుని కొలువున చేరెను. అరణ్యపర్వమున దుర్యోధనుడు ద్వైతవనమునకు ఘోషయాత్రపై వెళ్ళినది పాండవులను ఎగతాళి చేయుటకే. కాని తండ్రికి చెప్పించిన నెపమేమి? మందలను లెక్కించి, దూడలకు ముద్రలు వేయించి వచ్చుట. అది రాజు చేయదగిన పనియే గనుక ధృతరాష్ట్రుడు కాదనలేకపోయెను.

కౌటిల్యుని అర్థశాస్త్రమున గోవుల అధికారికి ప్రత్యేకముగా ఒక అధ్యాయమే యున్నది. దూడ పుట్టిన ఒకటి రెండు మాసములలో ముద్ర వేయవలెను. ముద్ర, సహజచిహ్నము, రంగు, కొమ్ముల తీరు పుస్తకమునకెక్కవలెను. కనబడకపోయినది వేరు, చనిపోయినది వేరు. దొంగలపాలైనదియు, వేరొక మందలో కలిసినదియు మొదటి కోవలోనివి. రోగము, వార్ధక్యము, బురద, పిడుగు, పులి, పాము, మొసలి వలన పోయినవి రెండవ కోవలోనివి. సహజముగా చనిపోయిన ఆవు చర్మమును ముద్రతో సహా తెచ్చి చూపవలెనట! ఆ పట్టికలో "ఏమో" యను దానికి చోటు లేదు.

ఈ లెక్క దొంగను పట్టుటకు మాత్రమే కాదు. పాలు మరువని దూడను భక్తితో తల్లినుండి విడదీసి, వాహనములో ఎక్కించి తెత్తురు. ఎండుగడ్డిని అరిగించుకొను శక్తి దాని కడుపునకు ఇంకను రాదు. గోశాలలో పాలిచ్చు ఆవులు కొన్నియే. ఏ వయసున వచ్చినది, ఎన్నాళ్ళకు పోయినది అని వరుసగా వ్రాసినచో, పాలదూడలే ముందుగా పోవుచున్నవని ఆ పుటయే చెప్పును. అప్పుడు "పాలు మరచిన పిమ్మట తెండి" అని భక్తులతో చెప్పగలము. వ్రాయనిచో ప్రతి మరణమును విధి మీదికి నెట్టుదుము.

ఇప్పుడు పశువుల చెవికి పండ్రెండు అంకెల బిళ్ళ వేయుచున్నారు. మంచిదే. కాని గోశాలను విడిచిన దినము, తీసికొన్న రైతు పేరు, ఊరు ఎవరును వ్రాయనిచో అది చెవిపోగుతో సమానము. రైతునకిచ్చుట తప్పు కాదు. ఆరు మాసములకొకసారి ఆ ఊరికి పోయి కోడెను చూచి రావలెను. సంతలో తేలిన కోడెను చూచి విచారించిన ఫలమేమి?

మన గోశాల సంగతియు దాచను. పాత పుస్తకములు తిరగవేయగా పదకొండు దూడల జాడ తెలియలేదు. వానినిచ్చినవారికి ఉన్నదున్నట్లు ఉత్తరములు వ్రాసితిమి. ముగ్గురు బదులు వ్రాసిరి. ఒకరు గట్టిగనే తిట్టిరి. ఆ ఉత్తరమును కూడ పుస్తకములోనే అంటించితిమి.

ఆ పుస్తకమును నేడు ముఖమండపమున బల్లపై నుంచినాము. ప్రసాదము స్వీకరించి వెళ్ళునపుడు, దూడనిచ్చినవారు తమ దూడ పుటను చూచుకొనగలరు.